టీకా అమ్మాయికేనా? అబ్బాయికి అక్కర్లేదా?

ఈ వారం ఒకే ఒక ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. ఇలాంటి సందేహం చాలా ఇళ్లలో ఉంటుంది కాబట్టి, ఉత్తరంలోని ముఖ్యమైన భాగం అందరూ చదవడం మంచిది.

"డాక్టరుగారికి నమస్కారాలు. మాది నస్రుల్లాబాద్. వ్యవసాయం. మా అత్తగారు ఆరేళ్ల క్రితం గర్భసంచి ముఖానికి వచ్చే కాన్సర్‌తో పోయారు. హైదరాబాదు తీసుకుపోయేసరికే ముదిరిపోయిందన్నారు. నాకు ఒక అమ్మాయి, 13 ఏళ్లు. ఒక అబ్బాయి, 11 ఏళ్లు. ఆ కాన్సర్ రాకుండా టీకా ఉంది, అమ్మాయికి వేయించమని బాన్సువాడలో ఒక డాక్టరుగారు చెప్పారు. ఆరు నెలల ఎడంతో రెండు ఇంజెక్షన్లు, ఒక్కొక్కటి రెండు వేలట. మా చిన్నాన్న కొడుకు లండన్‌లో ఉంటాడు. అక్కడ బడిలో మగపిల్లలకు కూడా ఇదే టీకా వేస్తారని ఫోనులో చెప్పాడు. గర్భసంచే లేని మగపిల్లవాడికి ఈ టీకా ఎందుకు? వడ్లు అమ్మిన డబ్బులో నాలుగు వేలు పక్కన పెట్టాను. ఒకరికే సరిపోతాయి. ఏం చేయమంటారు? ఇంకొక మాట. నా భార్యకు 38 ఏళ్లు. బీడీలు చుడుతుంది. రెండు మూడు నెలలుగా మేము కలిసిన తరువాత ఆమెకు కొంచెం రక్తం కనబడుతోంది. నొప్పేమీ లేదు. వేడి చేసిందనుకుని ఊరుకున్నాం. — ఒక తండ్రి."

అయ్యా, మీరు చివర్లో రాసిన మాటకు నేను మొదట జవాబు చెప్పాలి. టీకా సంగతి పది రోజులు ఆగినా నష్టం లేదు. మీ భార్య సంగతి ఆగదు. కలిసిన తరువాత రక్తం కనబడటం "వేడి" కాదు. అది కాన్సరే అని నేను అనడం లేదు. గర్భాశయ ముఖద్వారం మీద పుండుపడినా, చిన్న కండ పెరిగినా, వాపు వచ్చినా అలా జరగవచ్చు. కానీ కాన్సర్ మొదటి దశలో కనిపించే గుర్తుల్లో ఇది ఒకటి. ఆ దశలో నొప్పి ఉండదు. "నొప్పేమీ లేదు" అని మీరు ధైర్యంగా రాశారు. నేను భయపడేది ఆ మాటకే. నొప్పి వచ్చేదాకా ఆగితే మీ అత్తగారి కథే మళ్లీ జరగవచ్చు.

ఈ వారంలోనే ఆమెను బాన్సువాడ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్లి స్త్రీల డాక్టరుకు చూపించండి. మీరు రాసిన మాటే అక్కడ చెప్పండి, సిగ్గుపడి "నీరసంగా ఉంది" అని చెప్పకండి. లోపల అద్దంతో చూస్తారు. అనుమానం ఉంటే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో దీనికి మీ నాలుగు వేలు ముట్టుకోనవసరం లేదు. ఇక మీ ప్రశ్నకు వద్దాం.

అసలు ఈ కాన్సర్ ఎలా వస్తుంది?

చాలా కాన్సర్లకు ఇదీ కారణం అని వేలెత్తి చూపలేం. గర్భాశయ ముఖద్వార కాన్సర్‌కు మాత్రం చూపగలం. దాదాపు ప్రతి కేసు వెనుకా ఒక వైరస్ ఉంటుంది. దాని పేరు హ్యూమన్ పాపిలోమా వైరస్, పొట్టిగా హెచ్.పి.వి. ఈ సంగతి బయటపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ వైరస్‌లో రెండు వందలకు పైగా రకాలున్నాయి. చాలా రకాలు సాధువులే. చేతి మీద పులిపిరికాయలు కూడా ఈ జాతి వైరస్ వల్ల వచ్చేవే. 16, 18 నెంబర్ల రకాలు మాత్రం దుర్మార్గమైనవి. ముఖద్వార కాన్సర్లలో సుమారు నూటికి డెబ్భై ఈ రెండింటి వల్లనే వస్తాయి. 6, 11 నెంబర్ల రకాలు కాన్సర్ తేవు గాని, జననాంగాల మీద వచ్చే పులిపిర్లలో నూటికి తొంభై వాటి పనే.

ఈ వైరస్ ముఖ్యంగా స్త్రీ పురుష సంపర్కం వల్ల ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. ఇక్కడ ఒక అపోహ పోవాలి. ఈ వైరస్ సోకడం చెడు నడతకు గుర్తు కాదు. దాంపత్యం మొదలుపెట్టిన వారిలో అత్యధికులకు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది. ఏ బాధా ఉండదు. తొంభై శాతం మందిలో ఒకటి రెండేళ్లలో శరీరమే దాన్ని వెళ్లగొడుతుంది. కొద్దిమందిలో మాత్రం అది మొండిగా తిష్ఠ వేస్తుంది. ముఖద్వారం దగ్గర రెండు రకాల చర్మపు పొరలు కలిసే చోటు ఒకటుంది. అక్కడి కణాలు సుకుమారమైనవి, ఎప్పుడూ మారుతూ ఉంటాయి. వైరస్ అక్కడ కూర్చుని, పదిహేను ఇరవై ఏళ్లకు వాటిని కాన్సర్ కణాలుగా మారుస్తుంది. 2022 సంవత్సరపు అంతర్జాతీయ లెక్కల ప్రకారం మన దేశంలో ఆ ఒక్క ఏడాదే సుమారు 1 లక్షా 27 వేల మంది స్త్రీలకు ఈ కాన్సర్ కొత్తగా వచ్చింది. సుమారు 80 వేల మంది చనిపోయారు.

మగవాడికి ఏం సంబంధం?

మీరడిగిన ప్రశ్న ఇదే. దీనికి రెండు జవాబులున్నాయి.

మొదటిది, వైరస్‌ను మోసేవారిలో మగవాడూ ఉన్నాడు. ఆడవారికి వచ్చే వైరస్ ఆకాశం నుంచి ఊడిపడదు కదా! మగవాడిలో అది పైకి కనబడకుండా ఉంటుంది. అతడికి తెలియకుండానే భార్యకు అందుతుంది.

రెండవది, మగవాడికి కూడా హాని ఉంది. జననాంగాల మీద పులిపిర్లు మగవారికీ వస్తాయి. పురుషాంగపు కాన్సర్లలో సుమారు సగానికి, మలద్వారపు కాన్సర్లలో నూటికి తొంభై వంతులకు ఈ వైరసే కారణం. గొంతు వెనుక భాగంలో, టాన్సిల్స్ దగ్గర వచ్చే కాన్సర్లలో కూడా కొన్నింటికి ఇదే మూలం. అమెరికాలో గొంతు కాన్సర్లలో దీని వాటా చాలా పెద్దది. మన దగ్గర నోటి, గొంతు కాన్సర్లకు పెద్ద శత్రువులు బీడీ, ఖైనీ, గుట్కాలే. టీకా వేయించుకున్నాను కదా అని గుట్కా నమిలేవాడిని ఏ టీకా కాపాడలేదు.

ఒక తూకం కూడా చెప్పాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ఈ వైరస్ వల్ల ఆడవారిలో సుమారు 6 లక్షల 20 వేల కాన్సర్లు వచ్చాయి. మగవారిలో సుమారు 70 వేలు. అంటే ఆడవారిలో తొమ్మిది వస్తే మగవారిలో ఒకటి. మగవారికి ప్రమాదం లేదనడం తప్పు. ఇద్దరికీ సమానమనడం కూడా తప్పే.

ఇతర దేశాలలో ఏం చేశారు?

ఆస్ట్రేలియా 2007లో ఆడపిల్లలకు ఈ టీకా మొదలుపెట్టింది. కొన్నేళ్లకు ఒక విశేషం కనిపించింది. టీకా వేయించుకోని కుర్రవాళ్లలో కూడా పులిపిర్లు బాగా తగ్గిపోయాయి. ఆడపిల్లల్లో వైరస్ తగ్గితే మగపిల్లలకు అంటడం కూడా తగ్గింది. ఆడపిల్లల్లో నూటికి 80 మందికి పైగా టీకా అందితే మగపిల్లలకు కూడా రక్షణ దొరుకుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అయినా ఆస్ట్రేలియా అక్కడితో ఆగలేదు. 2013 నుంచి మగపిల్లలకు కూడా వేస్తోంది. బ్రిటన్ ఆడపిల్లలకు 2008లో, మగపిల్లలకు 2019లో మొదలుపెట్టింది. మీ చిన్నాన్నగారి అబ్బాయి చెప్పింది నిజమే.

మగపిల్లలకు ఎందుకు కలిపారు? అందరు ఆడపిల్లలకూ టీకా అందడం ఎక్కడా జరగదు. బడి మానేసినవాళ్లు, భయపడినవాళ్లు, వలస వెళ్లినవాళ్లు మిగిలిపోతారు. మగపిల్లలకు కూడా వేస్తే ఆ సందులు పూడుతాయి. ఇంకొక సంగతి దాచకుండా చెప్పాలి. మగవాళ్లతోనే సంపర్కం ఉండే మగవాళ్లు కూడా సమాజంలో ఉన్నారు. ఆడపిల్లలకు వేసిన టీకా వాళ్లను కాపాడదు. మలద్వారపు కాన్సర్ వాళ్లకే ఎక్కువ. ఏ పిల్లవాడు పెద్దయ్యాక ఎలా ఉంటాడో పదకొండేళ్లప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఇలాంటి పాఠం వైద్యలోకం ఇంతకు ముందే ఒకసారి నేర్చుకుంది. రుబెల్లా అనే జబ్బు ఉంది. గర్భిణికి వస్తే కడుపులో బిడ్డకు గుండె, కన్ను, చెవి దెబ్బతింటాయి. బాధపడేది తల్లీబిడ్డలే కదా అని బ్రిటన్‌లో 1970 నుంచి బడి ఆడపిల్లలకే ఆ టీకా వేశారు. జబ్బు తగ్గింది గాని పోలేదు. మగపిల్లల్లో తిరుగుతూ, టీకా అందని గర్భిణులకు అంటుకుంటూనే వచ్చింది. 1988 నుంచి ఆడ, మగ తేడా లేకుండా చిన్నపిల్లలందరికీ వేశారు. మన దగ్గర 2017లో తట్టు, రుబెల్లా టీకా బడుల్లో వేసినప్పుడు మీ పిల్లలిద్దరికీ వేసే ఉంటారు. "మగపిల్లవాడికి గర్భం రాదు కదా, రుబెల్లా ఎందుకు?" అని మీరప్పుడు అడగలేదు. ఇదీ అలాంటిదే.

మరి ఖమ్మంలో ఏం జరిగింది?

ఈ టీకా మాట ఎత్తగానే మన ప్రాంతం వారు అడిగే ప్రశ్న ఇది. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సుమారు 14 వేల మంది బాలికలకు ఈ టీకా వేయించే కార్యక్రమం మొదలుపెట్టాయి. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాంటిదే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారని తెలిసి పెద్ద అలజడి రేగింది. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆపేశారు. విచారణ జరిపినవారు ఆ చావులకు టీకా కారణమని తేల్చలేదు. చనిపోయిన బాలికల్లో నీట మునిగినవారు, పాముకాటుకు గురైనవారు, పురుగుమందు తాగినవారు, మలేరియాతో పోయినవారు ఉన్నారు.

అలాగని అంతా సవ్యంగా జరిగిందని కాదు. ఎందరో పిల్లల విషయంలో తల్లిదండ్రులను అడగకుండా హాస్టలు వార్డెన్ల చేత సంతకాలు పెట్టించారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. తప్పుపట్టవలసిందే. బీద గిరిజన పిల్ల అయినా సరే, సూది గుచ్చే ముందు ఆ పిల్ల తల్లికి అర్థమయ్యే భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే గుచ్చాలి. మందు మంచిదైతే సరిపోదు, ఇచ్చే పద్ధతి కూడా మంచిదై ఉండాలి. ఆ పాటి మర్యాద లేకపోబట్టే ఏళ్ల తరబడి జనానికి ఈ టీకా మీద నమ్మకం పోయింది.

ఈ గొడవలోంచి అనుకోని మేలు ఒకటి జరిగింది. అదే కాలంలో మన దేశంలో ఇంకొక పెద్ద పరిశోధన నడుస్తోంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అన్నది దాని ప్రశ్న. 2010లో టీకాలు ఆగిపోవడంతో అందులోని వేలమంది బాలికలకు ఒక్క డోసే అందింది. డాక్టర్లు వాళ్లను వదిలెయ్యకుండా దాదాపు పదేళ్లు గమనించారు. ఒక్క డోసు కూడా 16, 18 రకాలు తిష్ఠ వేయకుండా 95 శాతం ఆపుతున్నట్లు 2021లో వెల్లడైంది. ఆడపిల్లలకు ఒక్క డోసైనా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పడానికి ఆధారమైన వాటిలో మన పిల్లల మీద జరిగిన ఈ పరిశోధన ఒకటి.

ఎవరికి, ఎప్పుడు, ఎన్ని?

ఈ టీకా వైరస్ రాకముందు ఆపుతుంది. వచ్చిన తరువాత వెళ్లగొట్టదు. అందుచేత దాంపత్యం ఊసే తెలియని వయసులో, 9 నుంచి 14 ఏళ్ల మధ్య వేయించడం అన్నిటికంటె మంచిది. మన పూనాలోని సీరం సంస్థ తయారుచేసిన సర్వావాక్ టీకాకు 2022లో అనుమతి వచ్చింది. 9 నుంచి 26 ఏళ్ల లోపు ఆడవారికీ మగవారికీ కూడా దాన్ని వాడవచ్చు. అది 6, 11, 16, 18 రకాలను ఆపుతుంది. 14 ఏళ్ల లోపయితే ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. 15 దాటితే మూడు. మగపిల్లల విషయంలో ఒక్క డోసు చాలునని చెప్పడానికి ఆడపిల్లలకు ఉన్నంత గట్టి ఆధారాలు లేవు. కనుక వాళ్లకు రెండూ పూర్తి చేయించాలి.

సూది వేసిన చోట నొప్పి, కొద్దిగా జ్వరం, తలనొప్పి ఒకటి రెండు రోజులు ఉండవచ్చు. కొందరు పిల్లలు సూదికి భయపడి కళ్లు తిరిగి పడిపోతారు. అందుకే వేయించిన తరువాత పావుగంట కూర్చోబెట్టాలి. ముందు డోసుకు తీవ్రమైన ఎలర్జీ వచ్చినవారు మళ్లీ వేయించుకోరాదు. గర్భిణులు కాన్పు అయ్యేదాకా ఆగాలి. ఈ టీకా వేస్తే పిల్లలు పుట్టరని, మగతనం పోతుందని పుకార్లు ఉన్నాయి. వాటిలో నిజం లేదు. ఇందులో బతికున్న వైరస్ ఉండదు. వైరస్ పైనుండే డొల్ల మాత్రమే ఉంటుంది.

"నాకు నలభై ఏళ్లు, నేనూ వేయించుకోనా?" అని అడిగే మగవారికి ఒక మాట. ఆ వయసుకు టీకా వల్ల కలిగే లాభం చాలా తక్కువ. ఆ డబ్బు పిల్లలకు ఖర్చు పెట్టండి. మీరు చేయగల మేలు వేరే ఉంది. బీడీ, గుట్కా మానండి. పొగాకు ఈ వైరస్‌కు తోడైతే కాన్సర్‌కు దారి సులువవుతుంది. గల్ఫ్ దేశాలకు పోయి ఏళ్ల తరబడి ఒంటరిగా ఉండేవారు నిరోధ్ వాడటం అలవాటు చేసుకోవాలి. ఈ వైరస్‌ను అది పూర్తిగా ఆపలేకపోయినా చాలావరకు తగ్గిస్తుంది. ఎయిడ్స్ క్రిమిని బాగా ఆపుతుంది.

ఇంకొక హెచ్చరిక. పరీక్షలో భార్యకు ఈ వైరస్ ఉందని తేలితే ఇంట్లో పంచాయితీ పెట్టవద్దు. అది ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేడు. పదేళ్ల కిందటిది కావచ్చు, పెళ్లినాటిది కావచ్చు. మగవాడికి ఉందా లేదా అని చూసే మామూలు పరీక్ష కూడా లేదు. అనుమానంతో ఆమెను వైద్యానికి దూరం చేస్తే పోయేది ఆమె ప్రాణం.

మీ నాలుగు వేలు ఎలా ఖర్చు పెట్టాలి?

వరసగా చెబుతాను.

మొదట, మీ భార్య పరీక్ష. ఈ వారమే. ఏమీ లేదని తేలినా అంతటితో వదలకండి. 30 దాటిన ప్రతి స్త్రీ అయిదేళ్లకొకసారి ముఖద్వారం పరీక్ష చేయించుకోవాలి. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో జరిపిన పరిశోధన ఫలితాలు 2009లో వచ్చాయి. వైరస్ పరీక్ష ఒక్కసారి చేసి, అవసరమైన వారికి వైద్యం చేస్తేనే ఈ కాన్సర్ చావులు సుమారు సగానికి తగ్గాయి. ఆ స్త్రీలూ మన ఆడవాళ్లలాగే పొలం పనులు చేసుకునేవాళ్లే.

రెండవది, మీ అమ్మాయికి టీకా. ఇద్దరిలో ఒకరికే డబ్బు ఉంటే ఆ ఒకరు అమ్మాయే. తొమ్మిదికి ఒకటి అన్న లెక్క మరచిపోవద్దు. అయితే దుకాణానికి పోయేముందు మీ ఊరి ఏ.ఎన్.ఎం.నో, ఆశా కార్యకర్తనో అడగండి. ఈ టీకాను ఆడపిల్లలకు జాతీయ కార్యక్రమంలో చేర్చమని నిపుణుల సంఘం 2022లోనే సలహా ఇచ్చింది. మీ అమ్మాయి వయసుకు ప్రభుత్వం తరఫున ఉచితంగా అందే వీలుంటే మీ డబ్బు మిగిలినట్టే. ఒకవేళ కొని వేయించి, ఒక డోసు తరువాత రెండవదానికి డబ్బు అందకపోయినా వేసింది వృథా అయిందని దిగులుపడకండి. ఆడపిల్లకు ఆ ఒక్కటి కూడా గట్టి రక్షణే.

మూడవది, మీ అబ్బాయి. అతనికి వేయించడం తప్పు కాదు, దండగ కాదు. అతనికీ మంచిది, రేపు అతని ఇంటికి వచ్చే పిల్లకూ మంచిది. డబ్బు మిగిలితే ఈ ఏడాదే వేయించండి. మిగలకపోతే కంగారు లేదు. అతనికి పదకొండేళ్లే కనుక, పదిహేను నిండేలోగా రెండు డోసులూ ముగించడానికి వ్యవధి ఉంది. వచ్చే పంటకో, ఆపై పంటకో చూసుకోవచ్చు.

టీకా వేయించాం కదా అని అమ్మాయి పెద్దయ్యాక పరీక్షలు మానరాదు. టీకా అన్ని రకాల వైరస్‌లనూ ఆపదు. ఈ సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పి ఉంచండి. అబ్బాయికి కూడా చెప్పండి. రేపు అతని భార్య రక్తం కనబడుతోందని చెబితే "వేడి చేసిందిలే" అనకుండా, ఆ వారమే ఆమెను ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. ఈ బుద్ధి చెప్పడానికి మీకు రూపాయి ఖర్చు కాదు.

పరీక్ష ఫలితం వచ్చాక మళ్లీ ఉత్తరం రాయండి. పేరు వేయనక్కర్లేదు.